చివరిగా మార్చినవారు

ముందే ఒక మాట చెప్పి మొదలుపెడతాను. నేను నోరు తెరిస్తే జోకే వస్తుందని నన్నెరిగిన వాళ్లందరికీ తెలుసు. మా బాపు పోయిన నాడు పాడె కట్టడానికి వచ్చిన వాళ్లని నవ్వించి, మా అవ్వ చేత చీపురు దెబ్బలు తిన్నవాణ్ని. అందుకే ఇది ఎక్కడ చెప్పినా మొదటి సగం జనం నవ్వుతూనే వింటారు. నవ్వండి. నాకేం అభ్యంతరం లేదు. కానీ ఇది జరిగింది. ఎవరికో కాదు, నాకే జరిగింది. దేవుడి మీద ఒట్టేస్తే ఏ దేవుడని అడుగుతారు. అందుకని ఈ పది వేళ్ల మీద ఒట్టేస్తున్నాను. వీటితోనే సంపాదిస్తున్నాను, వీటితోనే తింటున్నాను. అబద్ధమైతే ఇవి పడిపోనీ.

ఒట్టుకి వేళ్లే ఎందుకు దొరికాయంటే... దానికీ ఒక కారణం ఉంది.

బోధన్ పక్కన ఒక చక్కెర ఫ్యాక్టరీ. పేరు చెప్పను. ఉన్న చోటు కూడా కొంచెం అటూ ఇటూ జరిపే చెబుతున్నాను, వెతకడానికి పోకండి. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే చొక్కా జేబుల్లోకి వస్తున్న రోజులు. నేను తొమ్మిదో తరగతిలో బడి మానేశాను. మానేశాను అనేది గొప్పకి. లెక్కల సారూ నేనూ ఒకరినొకరం భరించలేకపోయాం. ఆయనకి జీతం వచ్చేది కాబట్టి ఆయన ఉండిపోయాడు, నేను బయటికి వచ్చాను. నిజామాబాదులో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో మిషన్లు తుడుస్తూ, తుడుస్తూ వేళ్లు ఆడించడం నేర్చుకున్నాను. ఇంగ్లీషు ముక్కకి అర్థం తెలియదు. కానీ ఇంగ్లీషు అక్షరాలు వాన చినుకుల్లాగా కొట్టగలను. ఆ చినుకులు చూసే ఫ్యాక్టరీ వాళ్లు చెరుకు ఆఫీసులో ఆపరేటర్‌గా పెట్టుకున్నారు. రాత్రి డ్యూటీ.

పని ఇది. చెరుకు వేసిన రైతుకి ఫ్యాక్టరీ కటింగ్ ఆర్డర్ ఇవ్వాలి. ఎవరి తోట ఏ రోజు కొట్టాలో అందులో ఉంటుంది. ఆ రోజు రాకముందే కొట్టి తెస్తే బండి గేటు దగ్గరే ఆగిపోతుంది. ఆ రోజు ఆలస్యంగా వస్తే చెరుకు నిలబడిన చోటే పూతకొచ్చి, లోపల బెండు బారి, బరువంతా పోతుంది. అంటే ఆ ఒక్క తేదీలో ఒక ఇంటి ఏడాది కష్టం ఉంటుంది. ముందంతా ఇది కాగితాల మీద నడిచేది. తర్వాత హైదరాబాదు నుంచి ఒక కుర్ర ఇంజనీరు వచ్చి, ఇంటర్నెట్‌లో తెరుచుకునే ప్రోగ్రాం ఒకటి పెట్టి పోయాడు. అందులో ప్రతి రైతుకీ ఒక పేజీ. పేజీ అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ఒక వరస. చివరిగా మార్చినవారు... ఫలానా. సమయం... ఫలానా. ఇంజనీరు దాని మీద వేలు పెట్టి, "ఇక ఎవరు ఏం మార్చినా దాచలేరు" అన్నాడు. మేమంతా తలలూపాం. తలలూపడంలో జిల్లాలో మాకు పోటీ లేదు.

అతను బస్సెక్కిన మర్నాటి నుంచి మా పద్ధతి మాది.

ప్రతి మనిషికీ ఒక పేరు, ఒక పాస్‌వర్డు ఇచ్చి పోయాడు కదా. కానీ లైను మహా నెమ్మది. ఒకరి పేరు మూసి ఇంకొకరి పేరుతో తెరవాలంటే, చాయ్ తెప్పించుకుని, తాగి, గ్లాసు కడిగి ఇచ్చినా ఆ తెల్ల పేజీ తెల్లగానే ఉండేది. అందుకని పొద్దున పగటి డ్యూటీ సుజాతక్క వచ్చి తన పేరుతో తెరిచేది. ఇక అంతే. పగలు ఎవరొచ్చినా దాంట్లోనే కొట్టేవాళ్లు. రాత్రి నేనొచ్చినా దాంట్లోనే. ఒకరు తలుపు తీస్తే ఊరంతా అందులోంచి నడిచినట్టు. నా పేరుతో ఒక తలుపుందని నేనే మర్చిపోయాను.

సుజాతక్కది నిజామాబాదు. వాళ్లమ్మ బీడీలు చుట్టి చదివించింది. డిగ్రీ పూర్తి చేసింది. ఆ సీజన్ అయిపోగానే ఉద్యోగం పర్మనెంటు చేస్తామని మా ఆఫీసు మేనేజరు సారు మాటిచ్చాడు. రోజూ పొద్దున బస్సులో వచ్చి, సాయంత్రం బస్సులో పోయేది. డ్యూటీ మారేటప్పుడు తలుపు దగ్గర ఎదురుపడితే, "పోశెట్టీ, రాత్రి నిద్రపోయి నా పేరు కరాబు చెయ్యకు" అనేది. "నీ పేరు మీద నిద్రపోతే ఎంత హాయిగ ఉంటదో ఎరుకనా అక్కా" అనేవాణ్ని. అప్పుడది జోకు.

ఇక రాజలింగన్న. ఆయన గురించి సరిగా చెప్పకపోతే తర్వాతది మీకు అందదు.

రాజలింగన్న ఫీల్డ్‌మన్. పొద్దంతా పాత సైకిల్ మీద తోటలు తిరగడం ఆయన పని. ఎవరి చెరుకు ఎలా ఉంది, ఏది ముందు కొట్టాలి, ఏది ఆగగలదు... చూసి వచ్చి చెప్పాలి. చీకటి పడ్డాక వచ్చేవాడు. ముందు సైకిల్ స్టాండు వేసిన చప్పుడు. తర్వాత బురద పట్టిన రబ్బరు చెప్పులు... చప్, చప్, చప్. వచ్చి మా కుర్చీ వెనక నిలబడేవాడు. కంప్యూటర్ని ముట్టుకునేవాడు కాదు. కరెంటు కొడుతుందని భయం. "అన్నా, ఒక్కసారి ఒత్తి సూడు, ఏం గాదు" అంటే, "నీ చేతి ఏళ్లు ఉన్నయి గదరా, నా ఏళ్లెందుకు" అనేవాడు.

మా కుర్చీ ఇనుపది. దాని వెనక కడ్డీ మీద సైకిల్ తాళంచెవితో కొట్టేవాడు. టక్... టక్. అంటే రాసుకొమ్మని. ఆ చప్పుడు వినగానే మా వేళ్లు వాటంతటవే మీటల మీదికి పోయేవి. ఎద్దుకి అదిలింపు ఎలాగో మాకు అది అలాగ. ఫలానా ఊరు, ఫలానా రైతు, ఫలానా రోజు. కొట్టేసేవాళ్లం. చివర్లో ఎప్పుడూ ఒకటే మాట. "కింద డబ్బాల సూసిన అని కొట్టు. సూడకుంట చెప్పే మనిషిని గాను." కింద ఒక ఖాళీ డబ్బా ఉండేది, ఏదైనా విశేషం ఉంటే రాయడానికి. ఆయన చెప్పిన తేదీలకే దాంట్లో ఇంగ్లీషు అక్షరాలతో 'సూసిన' అని పడేది. వేరే ఎవరూ ఆ డబ్బాని వాడేవాళ్లు కాదు.

ఆ సీజన్‌కి ముందటి వానాకాలంలో రాజలింగన్న పోయాడు. ఇంట్లోనే, నిద్రలోనే. సైకిల్‌ని కొడుకు మాక్లూర్‌లో తన ఇంటికి తీసుకుపోయాడు. సీజన్ మొదలైనా ఆయన చోట ఇంకో మనిషిని పెట్టలేదు. తేదీలు సారు తన గదిలో కూర్చుని వేసేవాడు. ఎవరి నాటు ఎప్పుడో ముందే రాసి ఉంటుంది కదా, ఇంక చూసేదేముంది అనేవాడు. ఫోన్ చేసిన పెద్ద రైతులకి తేదీలు ముందుకి జరిగేవి. ఫోన్ లేనివాళ్లవి జరిగేవి కావు.

సంక్రాంతి దాటాక గొడవ మొదలైంది.

ఒక రోజు డ్యూటీ మారే వేళకి ఒక పెద్ద రైతు తెల్లచొక్కాతో ఆఫీసుకొచ్చి బల్ల మీద చెయ్యి చరిచాడు. రేపు తన తోట కొడతారని మరాఠీ కూలీలని తెచ్చి దింపుకున్నాడట. తీరా చూస్తే ఆర్డర్ వెనక్కి పోయింది. సారు కంప్యూటర్ తెరిపించాడు. నిజమే. ఆయనది వెనక్కి పోయి, ఎక్కడో మూలనున్న చిన్న రైతుది ముందుకి వచ్చింది. వెతికితే అలాంటివి ఇంకా ఉన్నాయి. అన్నీ రాత్రిపూట మారినవే. అన్నిటి అడుగునా చీమ తలకాయ అక్షరాల్లో... చివరిగా మార్చినవారు, సుజాత.

అన్నిటి డబ్బాలోనూ... సూసిన.

ఆ డబ్బా సంగతి సారు పట్టించుకోలేదు. నేనూ సుజాతక్కా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

సారు నన్నడిగాడు ముందు. "రాత్రి డ్యూటీ నీదే కదయ్యా."

"నాదే సార్. నేనేం మార్చలె."

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. "నీకంత తెలివి లేదులే" అన్నాడు. తొమ్మిదో తరగతి చదువు నాకు పనికొచ్చింది ఆ ఒక్కసారే.

హైదరాబాదు ఇంజనీరుకి ఫోన్ చేశాడు. ఇది ఇంటర్నెట్ ప్రోగ్రాం కాబట్టి పేరూ పాస్‌వర్డూ తెలిస్తే ఎక్కడినుంచైనా తెరవొచ్చని అతను చెప్పాడు. సుజాతక్క ఇంటి పక్కనే నెట్ సెంటర్ ఉంది. ఇంకేం కావాలి. చిన్న రైతుల దగ్గర ఏదో తీసుకుని, రాత్రి అక్కడ కూర్చుని మారుస్తోందని సారు లెక్క తేల్చేశాడు.

"సార్, రాత్రయితె నేను మా అమ్మతోని కూసొని బీడీలు సుడ్త. గల్లీ మొత్తం సాక్ష్యం చెప్తది" అంది అక్క.

"గల్లీ పేరు కనపడటం లేదమ్మా ఇక్కడ. నీ పేరు కనపడుతోంది."

మేమంతా ఆ పేరు మీదే కొడతామని నేను చెప్పాను. సారుకి కూడా తెలుసు ఆ సంగతి. ఆయన కూడా ఆ పేరు మీదే కొట్టించేవాడు. కానీ తెల్లచొక్కా ఆయనకి ఎవరో ఒకరిని చూపించాలి. ఫోన్లో ఇంజనీరు చేత అక్క పాస్‌వర్డు మార్పించేశాడు. నా పేరుతో ఉన్న తలుపు దుమ్ము దులిపి నాకిచ్చాడు. "ఈ రాత్రి నీ పేరు ఒక్కటే పని చేస్తుంది. తెల్లారేదాకా చూస్తూ కూర్చో. ఏమీ మారకపోతే ఇన్నాళ్లూ మార్చింది ఈ అమ్మాయే. రేపటి నుంచి రానక్కర్లేదు."

"మారితే సార్?" అన్నాను.

"ఎలా మారుతుందయ్యా" అన్నాడు.

సాయంత్రం బస్సు కోసం గేటు దగ్గర నిలబడింది అక్క. నేను పక్కన నిలబడ్డాను. ఏదో ఒక జోకు వేద్దామని నోరు తెరిచాను. రాలేదు.

"పోశెట్టీ... నువ్వేనా?" అంది మెల్లగా.

"ఒట్టు అక్కా. నేను గాదు."

"మరి ఎవరురా. అందరు కొట్టినయి నా పేరు మీదనే పడ్డయి. ఇప్పుడు నేను ఒక్కదాన్నే బయటికి పోవాలె." బస్సు వచ్చింది. ఎక్కుతూ అంది, "అమ్మకు ఏం చెప్పాల్నో సమజైత లేదు."

ఆ రాత్రి గురించి చెబుతాను. మెల్లగా చెబుతాను. గబగబా చెప్తే నాకే నమ్మబుద్ధి కాదు.

సీజన్‌లో రాత్రి డ్యూటీ అంటే అలసట కాదు. అలసట అయితే పడుకుంటే పోతుంది. ఇది ఎముకల్లో దిగిన నిద్ర. పగలు పడుకుంటే పక్కింటి పిల్లలు, ఎండ, ఈగలు. రాత్రి లేస్తే మిల్లు మోత. కళ్లలో ఎప్పుడూ ఇసుక పోసినట్టు. చెరుకు పిప్పి దుమ్ము గొంతులో. మడ్డి వాసన ఒంటికి పట్టి, సబ్బుకి పోదు. మా ఆవిడ నా పక్కన పడుకుంటే చీమలొస్తాయని ఏడిపించేది. అంత అలసటలో ఉన్న మనిషిని నేను. ఇది గుర్తుంచుకోండి. నేను కూడా ఇప్పటికీ ఇదే గుర్తుచేసుకుంటూ ఉంటాను.

గదిలో ఒక్కణ్నే. ట్యూబ్‌లైటు జుయ్‌మంటోంది. బయట యార్డులో బండ్లు నిలబడి ఉన్నాయి. ఎద్దుల గజ్జెలు అప్పుడొకటి, ఇప్పుడొకటి. దూరంగా కూలీలు మరాఠీలో ఏదో పాడుకుని... ఆపేశారు. నా పేరుతో ప్రోగ్రాం తెరిచాను. రేపటి నుంచి ఇవ్వాల్సిన ఆర్డర్లన్నీ తేదీల వరసలో ఉన్న పేజీ. చాయ్ రెండుసార్లు తాగాను.

అబద్ధమెందుకు, ఒక ఆలోచన వచ్చింది. ఏదో ఒక తేదీ నేనే మార్చేస్తే? అక్క పాస్‌వర్డు లేకపోయినా మారింది కాబట్టి అక్క బయటపడుతుంది. కానీ అడుగున నా పేరు పడుతుంది. నా ఉద్యోగం పోతుంది. ఇంట్లో చిన్న పిల్ల ఉంది. వేళ్లు మీటల దాకా పోయాయి... వెనక్కి లాక్కున్నాను. మళ్లీ పోయాయి... మళ్లీ లాక్కున్నాను. వాటి మీద నాకే నమ్మకం పోయింది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చున్నాను. బడిలో లెక్కల సారు శిక్ష వేసినట్టు. నవ్వొచ్చింది కూడా. ఇంత చదువూ చదవకుండా తప్పించుకుని వచ్చి, చివరికి మళ్లీ అదే భంగిమ.

అలాగే కూర్చున్నాను. పేజీ చూస్తున్నాను.

కిందినుంచి నాలుగో వరస గంగవ్వ. నవీపేట్ వైపు. భర్త లేడు. తేదీ ఇంకా చాలా దూరంలో ఉంది. ఆ పేరు మీద నా కళ్లు ఎందుకు ఆగాయో తెలియదు. ఆగాయి, అంతే.

అప్పుడు మిల్లు ఆగింది.

ఆగుతుంది అప్పుడప్పుడు. ఎక్కడో చెరుకు ఇరుక్కుంటే ఆపుతారు. కానీ రాత్రంతా మోతలో ఉన్న చెవికి ఆ నిశ్శబ్దం... ఎలా చెప్పాలి... ఎవరో నెత్తి మీది మూట దించినట్టు ఉంటుంది. ఒళ్లంతా తేలికై, కొంచెం తూలుతుంది.

ఆ నిశ్శబ్దంలో... బయట...

సైకిల్ స్టాండు వేసిన చప్పుడు.

నేను కదల్లేదు. ఖాజా భాయ్ అయి ఉంటాడనుకున్నాను. ఖాజా భాయ్ గేటు వాచ్‌మన్. కానీ అతనికి సైకిల్ లేదు. ఆ మాట నాకు తెలుసు. తెలిసి కూడా అతనే అనుకున్నాను.

చప్...

చప్...

చప్...

తలుపు నా వెనక ఉంది. తిరిగి చూడొచ్చు. ఎవరైనా తిరిగి చూస్తారు. మీరు కూడా, ఎందుకు చూడలేదు అనే అడుగుతారు. నేను చూడలేదు. భయమా అంటే... భయం కూడా కాదు. రోజూ వచ్చే మనిషి వస్తే ఎవరు తిరిగి చూస్తారు? రాజలింగన్న వచ్చినప్పుడు మేం ఎప్పుడూ తిరిగి చూసేవాళ్లం కాదు. కళ్లు తెర మీదే ఉండేవి. ఒంటికి అదే అలవాటు. ఒళ్లు అలవాటుగా ఉంది... తల మాత్రం లోపల అరుస్తోంది, ఆయన లేడురా, ఆయన లేడురా అని.

తడి చెరుకాకు వాసన. ఆరిపోయిన బీడీ వాసన.

మెడ మీద ఏదీ తగల్లేదు. ఊపిరి తగల్లేదు. ఏమీ లేదు. ఉత్త గాలి.

టక్.

కుర్చీ సన్నగా అదిరింది. ఆ అదురు నా వెన్నులోకి వచ్చింది.

టక్.

అంతే నాకు తెలిసింది. ఆ తర్వాత మిల్లు మళ్లీ మొదలైంది. నేలంతా గుర్రుమంది. తెర మీద పచ్చ అక్షరాలు వచ్చి ఉన్నాయి. మార్పు సేవ్ అయింది అని. గంగవ్వ వరస కిందినుంచి పైకి వచ్చి కూర్చుంది. పక్కన ఆమె పేజీ తెరిచి ఉంది. తేదీ... రేపటిది. డబ్బాలో... సూసిన.

అడుగున... చివరిగా మార్చినవారు... పోశెట్టి.

చేతులు తొడల కిందే ఉన్నాయి. తీశాను. మొద్దుబారి ఉన్నాయి. తెల్లగా, కుర్చీ బద్దల గీతలు పడి ఉన్నాయి. చాలాసేపటి నుంచి అక్కడే ఉన్న చేతుల్లాగానే ఉన్నాయి. వేళ్లు మడవబోతే మడత పడలేదు. చీమలు పాకుతున్నట్టు నొప్పి. అలాంటి వేళ్లతో ఎవరైనా ఎలా కొడతారు?

కొట్టకపోతే ఎలా పడింది?

అప్పుడు తిరిగి చూశాను. తలుపు తెరిచే ఉంది. ముందు నేనే తెరిచి పెట్టానో, మూశానో... ఇప్పటికీ గుర్తు రాదు. గడప దగ్గర నేల మీద తడి ఉందా అని చూశాను. చాయ్ గ్లాసు దొర్లి పడి ఉంది. తడి దానిదేనేమో.

తెల్లవారుజామున గేటు దగ్గరికి పోయాను. ఖాజా భాయ్ మఫ్లర్ చుట్టుకుని మంట దగ్గర కూర్చుని ఉన్నాడు.

"భాయ్, రాత్రి లోపటికి ఎవరన్న వచ్చిండ్రా?"

"కోయీ నై. నువ్వొక్కనివే ఉన్నవ్."

"సైకిల్ మీద?"

అతను మంటలో ఒక చెరుకాకు వేశాడు. అది భగ్గున అంటుకుని ఆరిపోయింది.

"సైకిల్ చప్పుడు నేను సీజన్ షురూ అయినకాంచి ఇంటున్న, పోశెట్టీ. లేసి సూడను. నాకు నౌకరి గావాలె. పోయి మొకం కడుక్కో."

సారు పొద్దున్నే వచ్చి పేజీ తెరిచాడు. చూశాడు. నన్ను చూశాడు. మళ్లీ పేజీ చూశాడు. జీపు తీయమన్నాడు. నన్నూ ఎక్కించుకున్నాడు. జీపు కుదుపులకి నా తల కిటికీకి కొట్టుకుంటున్నా కళ్లు మూతలు పడుతున్నాయి. నిద్ర పట్టదు. మెలకువా రాదు.

గంగవ్వ తోట రోడ్డుకి చాలా లోపల. నేనెప్పుడూ అటు పోలేదు. చెరుకంతా తెల్లగా పూతకొచ్చి ఉంది, గాలికి ఊగుతోంది. సారు ఒక గడ విరిచి చూశాడు. మధ్యలో బెండు. ఇంకా సగమే. ఇప్పుడు కొడితే దక్కుతుంది. ఆగితే మొత్తం పిప్పే. సారు ఆ గడ పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

గంగవ్వ కొంగు చెవుల మీదికి లాక్కుని పరిగెత్తుకొచ్చింది. "ఇప్పటికన్న వస్తిరి సారూ. ఈ యేడు ఆఫీసోళ్లు ఒక్కరు గూడ తొంగి సూడలేరు. ఎవలకు చెప్పుకోవాలె అని ఏడ్సుకుంట కూసున్న."

ఒక్కరు కూడా చూడలేదు.

సారు గడ కింద పడేశాడు. "ఎవరయ్యా మార్చింది?" అని అడిగాడు. కోపంగా అడగలేదు. అదే నాకు ఎక్కువ కష్టమనిపించింది. కోపంగా అడిగి ఉంటే నాకేం తెలుసు సార్ అనేవాణ్ని.

నా మనసులో ఎవరెవరో తిరిగారు. బస్సు మెట్టు మీద సుజాతక్క. ఇంట్లో మా పిల్ల. కుర్చీ వెనక... ఉత్త గాలి.

"నేనే సార్" అన్నాను.

"అంతకుముందువి?"

"అవి గూడ నేనే. అక్క పేరు తెరిచి ఉంటె దాంట్లనే కొట్టిన."

"డబ్బాలో ఉందే... సూసిన అని. ఎప్పుడు చూశావు నువ్వు ఈ తోట?"

తల దించుకున్నాను. నీకంత తెలివి లేదులే అని మళ్లీ అంటాడేమో అని చూశాను. అనలేదు.

గంగవ్వ చెరుకు ఆ రోజే కొట్టారు. సుజాతక్క ఉద్యోగం ఉంది. నాది పోయింది. ఆ పగలు ఇంటికి పోయి పడుకుంటే, ఈగలూ ఎండా పిల్లల గోలా ఏవీ అడ్డం రాలేదు. మర్నాడు మధ్యాహ్నానికి లేచాను.

నిజామాబాదులో చిన్న జిరాక్స్ షాపు పెట్టుకున్నాను. ఖాళీగా ఉన్నప్పుడు ఆలోచిస్తూ ఉంటాను. గేటు బయట చాయ్ హోటల్లో రైతులు వాళ్ల బాధలు చెప్పుకుంటారు కదా. ఎవరి చెరుకు పూతకొచ్చిందో అక్కడే చెవిలో పడి ఉంటుంది. నిద్రలేని మనిషి చేతులు ఏం చేస్తాయో మనిషికి తెలియకపోవచ్చు. టక్ మంటే కొట్టడం అలవాటైన వేళ్లు. చలికి ఇనుప కుర్చీ తనంతట తానే టక్ మందేమో. అలా సర్ది చెప్పుకుంటాను. సర్దుకుంటుంది కూడా. అప్పుడు ఆ మొద్దుబారిన వేళ్లు గుర్తొస్తాయి. మొత్తం మళ్లీ మొదటికొస్తుంది.

కొన్నాళ్లకి సుజాతక్క ఏవో కాగితాలు జిరాక్స్ తీయించడానికి వచ్చింది. పర్మనెంటు అయింది. కొంచెం ఒళ్లు చేసింది. కళ్ల కింద మాత్రం నల్లగా ఉంది. రాత్రి డ్యూటీ ఇప్పుడు తనే చేస్తోందట.

"పోశెట్టీ, ఒక్క మాట అడుగుత. గవి నువ్వే మార్చినవా?"

"నేనే అని చెప్పిన గదక్కా."

"సార్‌కు చెప్పినవ్. నాకు చెప్పు."

మిషన్ వెలుతురు అటు పోయి ఇటు వచ్చింది. నేను కాగితం తిప్పి పెట్టాను. ఆ పొద్దున నేను చెప్పింది అబద్ధమో నిజమో నాకే తెలియనప్పుడు ఆమెకి ఏం చెప్పను?

"నేను పోయినంక ఆగినయా అక్కా?" అన్నాను.

ఆమె కాగితాలు ఒక్కొక్కటే సర్దుకుంది. అంచులు సరిచూసింది. మళ్లీ సరిచూసింది.

"కుర్చీ మార్పిచ్చిన" అంది. "కట్టెది తెప్పిచ్చిన."

"ఎందుకు?"

"నడుము నొస్తున్నది" అంది నా మొహం చూడకుండా. వెళ్లిపోయింది.

షాపులో నాది ప్లాస్టిక్ కుర్చీ. మొదటి రోజు నుంచీ అదే. గట్టి ఇనుప కుర్చీ కొనుక్కో, అది విరిగి కింద పడితే జనం నవ్వుతారని మా ఆవిడ పోరు పెడుతుంది. నవ్వనీ అంటాను. ప్లాస్టిక్ మీద తాళంచెవితో కొట్టినా చప్పుడు రాదు కదా...

అంతగా రాదు.